ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఉన్నట్టుగా వేరే కంప్యూటర్‌కి మార్చడం: విండోస్, లైనక్స్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతూ ఉంటే మీ పని సగం తేలికైనట్టే. ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి తరలించేటప్పుడు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని పాత మెషిన్ ముందు కూర్చుని నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. అవే ఇబ్బందులు డిస్క్ మార్చేశాక, కొత్త మెషిన్ నీలి తెర చూపించి ఆగిపోయాక బయటపడితే ఒక పూట పోతుంది. అందుకే ఇక్కడ డిస్క్ కాపీ చేసే భాగం చిన్నదిగా, దానికి ముందు చేసుకోవాల్సిన ఏర్పాట్ల భాగం పెద్దదిగా ఉంటుంది.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. సిస్టమ్ అంతా డిస్క్‌లోనే ఉంటుందని అనుకుంటాం గానీ, కొంత మదర్‌బోర్డులో ఉంటుంది. ఏ ఫైల్‌తో బూట్ మొదలుపెట్టాలో చెప్పే ఎంట్రీ ఫర్మ్‌వేర్ (కంప్యూటర్‌ని మొదట లేపే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్; వాడుకలో బయోస్ అంటాం) మెమరీలో ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ తాళం టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది, లాగిన్ పిన్ కూడా అంతే. విండోస్ యాక్టివేషన్ మదర్‌బోర్డు గుర్తింపు మీద ఆధారపడుతుంది. డిస్క్‌ని ఒక్క బిట్ కూడా పోకుండా కాపీ చేసినా ఇవేవీ దాంతోపాటు రావు. కింద చెప్పే దశల్లో చాలావరకు వీటి కోసం చేసుకునే ఏర్పాట్లే.

కమాండ్ల పేర్లు పలికే తీరులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

## అసలు తరలించాలా, కొత్తగా వేసుకోవాలా?

ఏళ్ల తరబడి అమర్చుకున్న సాఫ్ట్‌వేర్ ఉండి, వాటి ఇన్‌స్టాలర్లు ఇప్పుడు దొరకకపోతే తరలించడమే మేలు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, ల్యాబ్ పరికరాలతో మాట్లాడే ప్రోగ్రామ్‌లు, చేత్తో కాన్ఫిగర్ చేసిన లైనక్స్ సర్వర్ ఈ కోవలోకి వస్తాయి. బ్రౌజర్, ఆఫీస్, ఫోటోలు తప్ప ఇంకేమీ లేకపోతే కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుని ఫైళ్లు కాపీ చేసుకోండి. సిస్టమ్‌లో వైరస్ ఉందని అనుమానం ఉన్నా, అది ఇప్పటికే తరచూ క్రాష్ అవుతున్నా తరలించకండి. ఆ జబ్బు కూడా కొత్త మెషిన్‌కి వెళ్తుంది.

కొన్ని మార్పులు అసలు కుదరవు. ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ మీద నడిచే విండోస్‌ని ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పెడితే బూట్ అవ్వదు. అదే కారణంతో ఇంటెల్ మ్యాక్ డిస్క్‌ని ఆపిల్ సిలికాన్ మ్యాక్‌కి క్లోన్ (ఉన్నదున్నట్టుగా కాపీ) చేయలేం. మ్యాక్ వాడేవారికి మైగ్రేషన్ అసిస్టెంట్ ఉంది. అది యాప్‌లని, ఖాతాలని, ఫైళ్లని తీసుకొస్తుంది, మ్యాక్‌ఓఎస్ మాత్రం కొత్త మెషిన్‌దే ఉంటుంది. మ్యాక్ విషయంలో ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 7లో ఎన్‌వీఎంఈ అనే వేగమైన కొత్త రకం ఎస్ఎస్‌డీలకి గానీ, యూఎస్‌బీ 3 పోర్టులకి గానీ సొంత డ్రైవర్లు లేవు. దాన్ని కొత్త హార్డ్‌వేర్ మీద నిలబెట్టడానికి పడే శ్రమ దండగ. అలాంటి పాత సిస్టమ్‌లో ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ కావాల్సి ఉంటే దాన్ని వర్చువల్ మెషిన్‌గా (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌లా నడిచే ఇంకో కంప్యూటర్‌గా) మార్చుకోవడం తెలివైన పని. మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో డిస్క్2వీహెచ్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. నడుస్తున్న విండోస్‌ని అది వర్చువల్ డిస్క్ ఫైల్‌గా మార్చి ఇస్తుంది. ఆ ఫైల్‌ని కొత్త మెషిన్‌లో హైపర్-వీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నడుపుకోవచ్చు.

విండోస్ 10ని కొత్త మెషిన్‌కి తరలిస్తుంటే, అక్కడ స్థిరపడ్డాక విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేసుకునేలా ప్లాన్ చేసుకోండి. తరలింపు, అప్‌గ్రేడ్ రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఏదైనా తేడా వస్తే దేని వల్ల వచ్చిందో తెలియదు.

## కొత్త మెషిన్‌ని తుడిచేసే ముందు

కొత్త మెషిన్‌తో పాటే విండోస్ వచ్చి ఉంటే, దాని మీద మీ పాత సిస్టమ్‌ని పోసే ముందు ఒక్కసారి దాన్ని ఆన్ చేసి వాడుకోండి. ఈ దశని చాలామంది వదిలేస్తారు.

ఇంటర్నెట్‌కి కలిపి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. యాక్టివేట్ అయిందని వస్తే ఆ మదర్‌బోర్డుకి ఒక డిజిటల్ లైసెన్స్ మైక్రోసాఫ్ట్ సర్వర్లలో నమోదైనట్టే. తర్వాత మీరు తెచ్చి పెట్టే విండోస్ కూడా అదే ఎడిషన్ అయితే ఆ లైసెన్స్‌తోనే యాక్టివేట్ అవుతుంది. పాతది ప్రో, కొత్తదాంతో వచ్చింది హోమ్ అయితే ఇది పనిచేయదు. ఎడిషన్లు ముందే సరిచూసుకోండి.

తర్వాత డ్రైవర్లు. కొత్త మెషిన్‌కి కావాల్సిన డ్రైవర్లు ఫ్యాక్టరీ విండోస్‌లో ఇప్పటికే ఉన్నాయి, వాటిని వెతుక్కోవాల్సిన పని లేదు. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పీఎన్‌పీయుటిల్ కమాండ్‌ని ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ అనే ఆప్షన్‌తో నడపండి. అన్ని డ్రైవర్లకీ నక్షత్రం గుర్తు ఇచ్చి, చివర పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరు ఇస్తే సరి. వైఫై, చిప్‌సెట్, టచ్‌ప్యాడ్, స్టోరేజ్ కంట్రోలర్ అన్నీ ఆ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. రేపు కొత్త మెషిన్‌లో వైఫై పనిచేయక, వైఫై డ్రైవర్ దింపుకోవడానికి ఇంటర్నెట్ లేక ఇరుక్కుపోయే పరిస్థితి రాదు.

విండోస్‌లోనే ఉండే రికవరీ డ్రైవ్ టూల్‌తో ఒక పెన్‌డ్రైవ్ కూడా తయారు చేసి పెట్టుకోండి. కొత్త మెషిన్‌ని ఎప్పుడైనా ఫ్యాక్టరీ స్థితికి తేవాలంటే అది పనికొస్తుంది. విండోస్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ ఇంకొకటి కావాలి, రిపేర్ పనులన్నీ దాంతోనే చేస్తాం.

## రెండు మెషిన్లనీ పక్కపక్కన పెట్టి చూడండి

పాత మెషిన్‌లో ఎంఎస్ఇన్ఫో32 తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ లెగసీ (పాత తరం బూట్) అని ఉంటే మీ డిస్క్ విభజన ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉన్నట్టు, యూఈఎఫ్ఐ (కొత్త తరం బూట్) అని ఉంటే జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉన్నట్టు. ఈమధ్య వస్తున్న మెషిన్లలో చాలావాటికి లెగసీ బూట్ సదుపాయమే లేదు. అంటే పాత ఎంబీఆర్ డిస్క్‌ని మార్చకుండా పెడితే కొత్త మెషిన్ దాన్ని బూట్ డిస్క్‌గా గుర్తించనే గుర్తించదు.

డిస్క్‌నే ఊడదీసి కొత్తదాంట్లో పెట్టాలనుకుంటే స్లాట్ చూసుకోండి. ఎం.2 (సన్నని బద్దలాంటి ఎస్ఎస్‌డీ) ఆకారంలో ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్ని సాటా అనే పాత రకం, కొన్ని ఎన్‌వీఎంఈ. స్లాట్‌లో సరిగ్గా కూర్చున్నంత మాత్రాన ఆ స్లాట్ దాన్ని చదవగలదని కాదు, మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూసుకోవాలి.

ఇంకొకటి స్టోరేజ్ కంట్రోలర్ మోడ్, అంటే డిస్క్‌తో మదర్‌బోర్డు మాట్లాడే తీరు. విండోస్ తరలింపులో అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు వీఎండీ అనే సెట్టింగ్ ఆన్ చేసి వస్తున్నాయి. కొన్నిటి బయోస్‌లో అది ఆర్ఎస్‌టీ అనో, రెయిడ్ ఆన్ అనో కనిపిస్తుంది. ఆ మోడ్‌లో డిస్క్ నేరుగా విండోస్‌కి కనిపించదు, ఇంటెల్ డ్రైవర్ మధ్యలో ఉండాలి. మీ పాత విండోస్‌లో ఆ డ్రైవర్ లేదు. కాబట్టి బూట్ మొదలవుతుంది, విండోస్ గుర్తు కనిపిస్తుంది, తర్వాత సీ డ్రైవ్‌ని చేరుకోలేక ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటూ నీలి తెర వస్తుంది. ఒకే డిస్క్ ఉన్న మామూలు మెషిన్‌కి ఆ మోడ్ వల్ల పెద్దగా లాభం లేదు. బయోస్‌లో దాన్ని ఆఫ్ చేసి ఏహెచ్‌సీఐ లేదా ఎన్‌వీఎంఈ అనే మామూలు మోడ్‌కి మార్చుకోమనే చెప్తాను. సాటాకీ, ఎన్‌వీఎంఈకీ విండోస్ 10, 11లలో సొంత డ్రైవర్లు ఉన్నాయి. మోడ్ మారిస్తే కొత్త మెషిన్‌లోని ఫ్యాక్టరీ విండోస్ బూట్ అవ్వకపోవచ్చు. అందుకే డ్రైవర్లు తీసుకోవడం, రికవరీ పెన్‌డ్రైవ్ చేసుకోవడం ముందే పూర్తి చేయమన్నాను.

## పాత విండోస్‌ని ప్రయాణానికి సిద్ధం చేయడం

1. బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లని వేరే డిస్క్‌లోకి మామూలుగా కాపీ చేయండి. క్లోన్‌ని బ్యాకప్‌గా లెక్కపెట్టొద్దు. క్లోనింగ్‌లో మూలం ఏదో, గమ్యం ఏదో తారుమారైతే ఉన్న డేటా మొత్తం పోతుంది. బ్యాకప్ విడిగా ఉంటే ఆ టెన్షన్ ఉండదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి టూల్‌తో డిస్క్ ఆరోగ్యం కూడా చూడండి. పాడైన సెక్టార్లు కనిపిస్తే మామూలు క్లోనింగ్ టూల్ మధ్యలో ఆగిపోతుంది. అలాంటి డిస్క్‌కి డీడీరెస్క్యూ వాడాలి. అది చదవగలిగినదంతా ముందు లాగేసి, మొండికేసే భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది.

2. పాస్‌వర్డ్. రోజూ పిన్‌తోనో, వేలిముద్రతోనో లాగిన్ అయ్యేవాళ్లు అసలు పాస్‌వర్డ్ ఏమిటో మరిచిపోయి ఉంటారు. కొత్త మెషిన్‌లో పిన్ పనిచేయదు, ఎందుకంటే అది పాత టీపీఎం చిప్‌తో ముడిపడి ఉంది. సైన్-ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలో లాగిన్ మాత్రమే అనుమతించే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి, ఒకసారి సైన్ అవుట్ అయి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి. లాగిన్ అయితేనే ముందుకు వెళ్లండి. ఈ మెషిన్‌లో విండోస్ హలోతో దాచుకున్న పాస్‌కీలు కూడా రావు. ఆ వెబ్‌సైట్లలోకి వెళ్లడానికి ఇంకో దారి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

3. ఎన్‌క్రిప్షన్. మీరు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం) ఎప్పుడూ ఆన్ చేయలేదు కదా అని ఈ దశ దాటేయకండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో, హోమ్ ఎడిషన్‌లో కూడా, డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ కమాండ్‌ని స్టేటస్ ఆప్షన్‌తో నడిపితే సంగతి తెలుస్తుంది. ఆన్ అయి ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి లేదా ఫోన్‌లో భద్రపరుచుకోండి. తర్వాత రెండు దారులు. ప్రొటెక్షన్‌ని సస్పెండ్ చేయడం త్వరగా అయిపోతుంది. పూర్తిగా డీక్రిప్ట్ చేయడానికి టైమ్ పడుతుంది. నేను రెండోదే సిఫారసు చేస్తాను. డీక్రిప్ట్ అయిన డిస్క్‌ని క్లోనింగ్ టూల్స్ వాడిన భాగం వరకే కాపీ చేస్తాయి, రిపేర్ చేయాల్సి వస్తే రికవరీ పరిసరంలో కీ అడగకుండా తెరుచుకుంటుంది. కొత్త మెషిన్‌లో అంతా కుదురుకున్నాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

4. లైసెన్స్ రకం. ఎస్ఎల్ఎంజీఆర్ కమాండ్‌ని డీఎల్‌వీ ఆప్షన్‌తో నడిపితే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఓఈఎం అని ఉంటే ఆ లైసెన్స్ పాత మెషిన్‌దే, కొత్తదానికి రాదు. రిటైల్ అని ఉంటే తీసుకెళ్లొచ్చు. ఆఫీసు మెషిన్లలో కనిపించే వాల్యూమ్ లైసెన్స్ అయితే సంస్థ ఐటీ విభాగంతో మాట్లాడాలి. రిటైల్ లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ ఖాతాకి జోడించుకుని ఉంటే కొత్త మెషిన్‌లో పని తేలికవుతుంది. ఇతర సాఫ్ట్‌వేర్‌లని కూడా ఇప్పుడే చూడండి. ఇన్ని మెషిన్లకే అని పరిమితి ఉన్నవాటిని పాత మెషిన్‌లో డీయాక్టివేట్ చేయండి. కొత్తదాంట్లో బూట్ అయ్యాక అవి దాన్ని ఇంకో మెషిన్‌గా లెక్కేస్తాయి.

5. ఎంబీఆర్ అయితే జీపీటీకి మార్పు. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌తోనే వస్తోంది. డేటా తుడిచేయకుండానే డిస్క్ పద్ధతి మార్చి, ఈఎఫ్ఐ విభాగం (బూట్ ఫైళ్లు ఉండే చిన్న పార్టిషన్) కూడా తయారు చేస్తుంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడిపి చూడండి. డిస్క్‌లో మూడుకి మించి ప్రైమరీ విభాగాలు ఉన్నా, ఎక్స్‌టెండెడ్ విభాగం ఉన్నా అది ఒప్పుకోదు. అప్పుడు అదనపు విభాగాల్లోని డేటా వేరేచోటికి తీసి, వాటిని తొలగించాలి. అసలు మార్పుని మాత్రం పాత డిస్క్ మీద చేయకండి, క్లోన్ మీద చేయండి. పాత మెషిన్‌కి యూఈఎఫ్ఐ సదుపాయం లేకపోతే, మార్చిన డిస్క్‌తో అది మళ్లీ బూట్ అవ్వదు. క్లోన్‌ని కొత్త మెషిన్‌లో పెట్టి, విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడి నుంచి మార్చుకోండి.

6. డ్రైవర్లు. కొత్త మెషిన్ నుంచి తెచ్చిన డ్రైవర్ల ఫోల్డర్‌ని పాత విండోస్‌లో సీ డ్రైవ్‌లో పెట్టండి. పీఎన్‌పీయుటిల్‌ని యాడ్-డ్రైవర్ ఆప్షన్‌తో, సబ్‌డిర్స్ కూడా జోడించి నడిపితే అవన్నీ విండోస్ డ్రైవర్ గోదాంలోకి చేరతాయి. ఇన్‌స్టాల్ ఆప్షన్ ఇవ్వొద్దు. కొత్త హార్డ్‌వేర్ కనిపించినప్పుడు విండోస్ తానే వాటిని తీసుకుంటుంది. పాత మెషిన్ తయారీదారు పెట్టిన ఫ్యాన్ కంట్రోల్, ఓవర్‌క్లాకింగ్, హాట్‌కీ సాఫ్ట్‌వేర్‌లని తీసేయండి. మరో బోర్డు మీద అవి చిక్కులు తెస్తాయి.

7. సేఫ్ మోడ్, చివరి షట్‌డౌన్. వాడుకలో లేని స్టోరేజ్ డ్రైవర్లని విండోస్ బూట్ సమయంలో పక్కన పెడుతుంది. సేఫ్ మోడ్‌లో మాత్రం వాటిని మళ్లీ లోడ్ చేస్తుంది. అందుకే క్లోన్ చేసే ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌లోకి వెళ్లి సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకోండి. కొత్త మెషిన్‌లో మొదటి బూట్ సేఫ్ మోడ్‌లో జరిగి, కంట్రోలర్ మారినా నిలబడుతుంది. ఇప్పుడు పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ ఆఫ్ చేయండి, దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ కెర్నల్ స్థితిని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది, తర్వాతి బూట్‌లో పాత హార్డ్‌వేర్ జ్ఞాపకంతో లేస్తుంది. అది ఆఫ్ చేశాకే షట్‌డౌన్ చేయండి.

సిస్‌ప్రెప్ గురించి చాలామంది అడుగుతారు. హార్డ్‌వేర్ వివరాలన్నీ తుడిచి, విండోస్‌ని పదుల మెషిన్లకి పంచేలా తయారు చేసే టూల్ అది. స్టోర్ యాప్‌ల వల్ల తరచూ మధ్యలో ఆగిపోతుంది, కొన్ని సెట్టింగ్స్ కూడా పోతాయి. ఒకే ఒక్క మెషిన్ తరలింపుకి విండోస్ 10, 11లలో దాని అవసరం లేదు.

## కాపీ చేయడం

డిస్క్‌ని నేరుగా ఊడదీసి పెట్టడం కన్నా క్లోన్ చేయడమే నాకు ఇష్టం. పాత డిస్క్ చెక్కుచెదరకుండా ఉంటుంది, ఏదైనా వికటిస్తే పాత మెషిన్‌లో పని కొనసాగించవచ్చు. క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా రెండూ ఉచితం, రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. కొత్తవారికి రెస్క్యూజిల్లా తేలిక, మౌస్‌తో పని అయిపోతుంది.

పాత డిస్క్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇమేజ్‌గా (ఫైళ్ల రూపంలో పూర్తి నకలుగా) తీసి, కొత్త మెషిన్‌లో ఆ ఇమేజ్‌ని పునరుద్ధరించడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. ఇమేజ్ అలాగే ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లైనా మొదటి నుంచి మొదలుపెట్టొచ్చు. కొత్త డిస్క్ పాతదానికన్నా చిన్నదైతే ముందే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించుకోవాలి. అయినా గమ్యం చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లాల్సి వస్తుంది. వేగం గురించి ఒక అంచనా: సెకనుకి 100 ఎంబీ చొప్పున 500 జీబీ కాపీ అవ్వడానికి దాదాపు గంటా ఇరవై నిమిషాలు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి.

యూఎస్‌బీ అడాప్టర్ల దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని అడాప్టర్లు 512 బైట్ల సెక్టార్లని 4096 బైట్లుగా చూపిస్తాయి. అలాంటిదాని ద్వారా క్లోన్ చేసిన డిస్క్‌ని తర్వాత నేరుగా మదర్‌బోర్డుకి కలిపితే విభాగాలు కనిపించవు. కొత్త డిస్క్‌ని అది ఉండబోయే చోటే పెట్టి కాపీ చేస్తే ఈ గొడవ ఉండదు.

కాపీ అయ్యాక అసలుని, క్లోన్‌ని ఒకే మెషిన్‌కి కలిపి బూట్ చేయకండి. రెండిటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. లైనక్స్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతుంటే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

## కొత్త మెషిన్‌లో మొదటి బూట్

బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేశారో లేదో చూసి ఆన్ చేయండి. తెర కాసేపు నల్లగా ఉండిపోవచ్చు, పరికరాలు సిద్ధమవుతున్నాయని సందేశం రావచ్చు, దానంతటదే రీస్టార్ట్ అవ్వచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి. సేఫ్ మోడ్‌లోకి వచ్చాక పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. అంతా సవ్యంగా ఉంటే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

బూట్ డివైస్ దొరకలేదని వస్తే, మొదట్లో చెప్పిన ఫర్మ్‌వేర్ ఎంట్రీ లేకపోవడమే కారణం అయ్యుంటుంది. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లోకి వెళ్లి, కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మీకు అలవాటైనట్టు ఉండవు, మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అని కనిపించవచ్చు. అందుకే ముందు డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లి లిస్ట్ వాల్యూమ్ అని కొట్టండి. విండోస్ ఉన్న విభాగాన్ని పరిమాణం చూసి గుర్తుపట్టొచ్చు. సాధారణంగా 100 ఎంబీ దగ్గర, ఫ్యాట్32 అని ఉన్న చిన్నది ఈఎఫ్ఐ విభాగం. దాన్ని సెలెక్ట్ చేసి అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్ అని ఇచ్చి బయటికి రండి. ఇప్పుడు బీసీడీబూట్ కమాండ్‌కి మూడు విషయాలు ఇవ్వాలి: విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, స్లాష్ ఎస్ తర్వాత ఎస్ డ్రైవ్ పేరు, స్లాష్ ఎఫ్ తర్వాత యూఈఎఫ్ఐ అనే మాట. బూట్ ఫైళ్లు విజయవంతంగా తయారయ్యాయని వస్తే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేయండి.

ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ నీలి తెర వస్తే బయోస్‌లో కంట్రోలర్ మోడ్ మళ్లీ చూడండి. మోడ్ మార్చే వీలు లేని మెషిన్ అయితే డ్రైవర్‌ని బయటి నుంచి ఎక్కించాలి. అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు డీఆర్‌వీలోడ్‌తో స్టోరేజ్ డ్రైవర్‌కి సంబంధించిన ఐఎన్‌ఎఫ్ ఫైల్‌ని లోడ్ చేస్తే డిస్క్ కనిపిస్తుంది. తర్వాత డిస్మ్ కమాండ్‌కి ఇమేజ్‌గా మీ విండోస్ డ్రైవ్‌ని చూపించి, యాడ్-డ్రైవర్‌తో డ్రైవర్ల ఫోల్డర్‌ని ఇచ్చి, రికర్స్ జోడించండి. బూట్‌కి అవసరమైన డ్రైవర్లని అది ఆఫ్‌లైన్‌లోనే నమోదు చేస్తుంది.

## లైనక్స్ అయితే

లైనక్స్ తరలింపు చాలావరకు తేలిక. డ్రైవర్లు ఎక్కువగా కెర్నల్‌తోనే ఉంటాయి కాబట్టి డిస్క్ మార్చి ఆన్ చేస్తే చాలాసార్లు నేరుగా పనిచేస్తుంది. పనిచేయకపోతే మొదట అనుమానించాల్సింది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ని. బూట్ తొలి క్షణాల్లో డిస్క్‌ని చేరుకోవడానికి కావాల్సిన డ్రైవర్ల చిన్న మూట అది. ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఆటోడిటెక్ట్ హుక్, ఈ రెండూ ప్రస్తుత మెషిన్‌కి కావాల్సిన డ్రైవర్లే అందులో పెడతాయి. ఫెడోరాలో పాత మెషిన్ నుంచి బయల్దేరే ముందే డ్రాకట్‌ని నో-హోస్ట్ఓన్లీ, రీజనరేట్-ఆల్, ఫోర్స్ ఆప్షన్లతో నడపండి. మరిచిపోతే గ్రబ్ (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) మెనూలో ఉండే రెస్క్యూ ఎంట్రీ ఆదుకుంటుంది. ఆర్చ్‌లో ఆటోడిటెక్ట్ తీసేసి ఎంకేఇనిట్‌సీపీఐఓ నడపాలి. డెబియన్, ఉబుంటులలో మామూలుగా మాడ్యూల్స్ ఈక్వల్స్ మోస్ట్ అని ఉంటుంది, అలా ఉంటే ఏమీ చేయక్కర్లేదు.

తర్వాత ఏ విభాగం ఎక్కడ కలవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ తెరిచి చూడండి. విభాగాలు యూయూఐడీతో (విభాగానికి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో) ఉంటే సరే. ఎస్‌డీఏ1 లాంటి పేర్లతో ఉంటే, ఎన్‌వీఎంఈ డిస్క్ మీదికి వెళ్లాక ఆ పేర్లు ఉండవు. ఇప్పుడే యూయూఐడీలకి మార్చుకోండి. ఎన్విడియా సొంత డ్రైవర్ ఉండి, కొత్త మెషిన్‌లో ఆ కార్డు లేకపోతే డ్రైవర్ తీసేయండి. ప్రాసెసర్ కంపెనీ మారుతుంటే కొత్తదాని మైక్రోకోడ్ ప్యాకేజీ (ప్రాసెసర్ లోపాలు సరిచేసే అప్‌డేట్) ముందే వేసుకోండి. సర్వర్ అయితే నెట్‌వర్క్ కార్డు పేరు మారుతుందని గుర్తుంచుకోండి. ఈఎన్‌పీ3ఎస్0 అని కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి ఉంటే, కొత్త బోర్డులో అది వేరే పేరుతో వస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. మొదటి బూట్‌కి మానిటర్, కీబోర్డు తప్పకుండా కలిపి పెట్టుకోండి.

డిస్క్ చిన్నదైనా, ఫైల్ సిస్టమ్ మార్చాలనుకున్నా క్లోన్ బదులు ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ వాడండి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కొత్త విభాగాలు చేసుకుని, చిన్న ఏ, పెద్ద హెచ్ ఆప్షన్లతో పాటు ఏసీఎల్‌లకి (ఫైళ్ల అదనపు అనుమతులకి) పెద్ద ఏ, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లకి పెద్ద ఎక్స్ ఇచ్చి కాపీ చేయండి. నడుస్తున్న సిస్టమ్ నుంచి నేరుగా కాపీ చేస్తుంటే డెవ్, ప్రాక్, సిస్, రన్, టెంప్ లోపలి సరుకుని మినహాయించాలి. కొత్త విభాగాలకి కొత్త యూయూఐడీలు వస్తాయి. బీఎల్‌కేఐడీతో చూసి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ, కెర్నల్ పారామీటర్లలోనూ మార్చాలి. స్వాప్ యూయూఐడీ మార్చడం మరిచిపోతే, దొరకని హైబర్నేషన్ విభాగం కోసం ఎదురుచూస్తూ బూట్ ఆలస్యమవుతుంది.

బూట్‌లోడర్ విషయానికొస్తే, ఈఎఫ్ఐ విభాగంలో బూట్ అనే ఫోల్డర్‌లో బూట్ఎక్స్64 అనే ఫైల్ ఉంటే, ఫర్మ్‌వేర్‌లో ఎంట్రీ లేకపోయినా మెషిన్ దాన్ని వెతికి పట్టుకుంటుంది. లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి క్రూట్ చేసి (డిస్క్‌లోని లైనక్స్ లోపలికి వెళ్లి), గ్రబ్-ఇన్‌స్టాల్‌ని రిమూవబుల్ ఆప్షన్‌తో నడపాలి. ఫెడోరాలో మాత్రం యూఈఎఫ్ఐ మెషిన్ల మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ నడపొద్దు, గ్రబ్, షిమ్ ప్యాకేజీలని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ అవ్వనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంచి, సొంతంగా సంతకం చేసిన కెర్నల్ మాడ్యూళ్లు వాడేవారికి ఒక మాట. మీ సంతకాన్ని గుర్తించడానికి నమోదు చేసిన ఎంఓకే కీ కూడా పాత మదర్‌బోర్డులోనే ఉండిపోయింది. కొత్తదాంట్లో ఎంఓకేయుటిల్‌తో మళ్లీ నమోదు చేసేదాకా ఆ మాడ్యూళ్లు లోడ్ అవ్వవు. లైనక్స్‌లో డిస్క్‌కి వాడే లక్స్ ఎన్‌క్రిప్షన్ పాస్‌ఫ్రేజ్‌తో ఉంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది. టీపీఎంతో తెరుచుకునేలా పెట్టుకున్నవారు పాస్‌ఫ్రేజ్ లేదా రికవరీ కీ ఒకటి కూడా ఉందని బయల్దేరే ముందే నిర్ధారించుకోవాలి.

## బూట్ అయ్యాక

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పసుపు గుర్తులు ఉన్నవాటికి డ్రైవర్లు ఎక్కించండి, విండోస్ అప్‌డేట్ నడపండి. యాక్టివేషన్ కాకపోతే ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పే ఆప్షన్ ఉంటుంది. ఖాతాకి జోడించిన లైసెన్స్ అయితే అక్కడ పాత మెషిన్ పేరు ఎంచుకోవచ్చు. పెద్ద డిస్క్‌కి మారినవారికి సీ డ్రైవ్ పెంచబోతే ఎక్స్‌టెండ్ ఆప్షన్ బూడిద రంగులో కనిపిస్తుంది. సీకీ, ఖాళీ స్థలానికీ మధ్య రికవరీ విభాగం అడ్డుగా కూర్చోవడమే కారణం. జీపార్టెడ్ పెన్‌డ్రైవ్‌తో దాన్ని చివరికి జరిపితే దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత కొత్త పిన్ పెట్టుకుని, బిట్‌లాకర్ ఆన్ చేసి, కొత్త రికవరీ కీ దాచుకోండి. డిస్క్‌ని డీక్రిప్ట్ చేసి ఉంటే పాత కీ ఇక పనికిరాదు.

పాత మెషిన్‌ని కూడా అదే సిస్టమ్‌తో వాడబోతున్నారా? అయితే రెండిటికీ ఒకే గుర్తింపు ఉండకూడదు. విండోస్‌లో కంప్యూటర్ పేరు మార్చడం కనీస పని, ఆఫీసు నెట్‌వర్క్‌లో అయితే ఒకదాన్ని కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మంచిది. లైనక్స్‌లో హోస్ట్‌నేమ్, మెషిన్-ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు మూడూ మార్చాలి. మెషిన్-ఐడీ ఒకటే అయితే రెండు మెషిన్లకీ ఒకే ఐపీ అడ్రస్ వచ్చి, రెండూ నెట్‌వర్క్‌లో కొట్టుకోవచ్చు.

పాత డిస్క్‌ని వెంటనే తుడవకండి. నెలాఖరు లెక్కలు, ఎప్పుడో ఒకసారి వాడే ప్రింటర్, ఏడాదికోసారి తెరిచే సాఫ్ట్‌వేర్, ఇలాంటివి వారం రోజుల వాడకంలో బయటపడవు. కొన్ని వారాలు పక్కన పెట్టి, కొత్త మెషిన్ నుంచి ఒక తాజా బ్యాకప్ తీసుకుని, అప్పుడు తుడవండి. ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఇరేజ్ టూల్ వాడాలి, మామూలు ఫార్మాట్ చాలదు. పాత మెషిన్‌ని వేరేవాళ్లకి ఇచ్చేస్తుంటే మైక్రోసాఫ్ట్ ఖాతాలోని డివైస్‌ల జాబితా నుంచి దాన్ని తొలగించి, బయోస్‌లో టీపీఎంని క్లియర్ చేసి ఇవ్వండి.